గోడను వదిలి బండను చూడండి

ఇంటికి రంగులు వేయించాక డబ్బాల అడుగున ఎంతో కొంత మిగులుతుంది. ఆ మిగిలింది ఎక్కడికి పోతుందో మా కడపలో ఏ వీధిలో నడిచినా తెలిసిపోతుంది. పూలకుండీల మీదికి. గోడ చిలకపచ్చ అయితే కుండీలూ చిలకపచ్చే, గోడ నారింజ అయితే కుండీలూ నారింజే. పెయింటరుకు అరపూట పని, యజమానికి డబ్బా పారేయలేదన్న తృప్తి. పని అయ్యాక గేటు దగ్గర నిలబడి చూస్తే కుండీలు కనిపించవు. అవి గోడలో కలిసిపోయి, మొక్కలు గోడలోంచే మొలిచినట్టు ఉంటాయి.

ఇంటికి కుండీ నప్పాలంటే రెండూ ఒకే రంగులో ఉండాలన్న నమ్మకం ఎక్కడ నుంచి వచ్చిందో నాకు అంతుపట్టదు. ధర్మవరం పట్టుచీర కొనేటప్పుడు ఒంటి రంగులోనే అంచు కావాలని ఎంతమంది అడుగుతారు? అంచు వేరుగా ఉంటేనే చీర రంగు తేలుతుందని కొట్లో కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. అదే మనిషి కుండీల దగ్గరికి వచ్చేసరికి ఆ చూపును గుమ్మం బయటే వదిలేస్తారు.

నేను చెప్పదలచుకున్నది ఇది. కుండీ నేల మీద పెట్టే వస్తువు. దానికి పక్కనే ఉండేది, దానితో కలిసి కంటికి ఆనేది నేల. గోడ రెండడుగులు వెనక ఉంటుంది, మధ్యలో ఆకులు అడ్డం వస్తాయి. పైగా గోడ రంగు నాలుగైదేళ్ళకో, ఇంట్లో పెళ్ళి కుదిరితే అంతకు ముందో మారుతుంది. వాకిట్లో పరిచిన బండ మాత్రం మనవళ్ళు పుట్టేదాకా అదే. అందుకని కుండీ రంగు ఎంచుకునేటప్పుడు ముందు తల వంచి కిందికి చూడాలి. ఆ తర్వాత తల ఎత్తి ఎండను చూడాలి. గోడ వంతు ఆఖరున.

మా ప్రాంతంలో కింద కనిపించే బండ తక్కువది కాదు. ముంబయిలో వంటగట్టు వేయించుకునేవాళ్ళు కూడా ఈ రాయిని మా ఊరి పేరుతోనే అడుగుతారు. సున్నపురాయి జాతి. మెరుగు పెడితే నల్లగా నిగనిగలాడుతుంది కానీ, వాకిట్లో పరిచేది సాధారణంగా మెరుగు పెట్టనిది. దాని అసలు రంగు నీలం కలిసిన బూడిద. పొద్దున్నే కళ్ళాపి చల్లేటప్పుడు ఒకసారి దాన్నే గమనించండి. నీళ్ళు పడిన మేర చప్పున నల్లబడుతుంది, దాని మీద ముగ్గు తెల్లగా లేచి కనిపిస్తుంది. తర్వాత ఎండ తగిలే వైపు నుంచి ఆరడం మొదలవుతుంది. ఒక్కో బండకూ ముందు నడుమ భాగం తేలిపోతుంది, అతుకుల వెంబడి నల్లటి గీతలు మరికాసేపు నిలుస్తాయి, ఎనిమిది దాటేసరికి అవీ పోయి అంతా బూడిద రంగు అవుతుంది. అంటే కుండీ రోజూ రెండు నేలల మీద నిలబడాలి. తడిసిన నలుపు మీదా, ఆరిన బూడిద మీదా ఒకేలా నిలబడగలిగే రంగులు కొన్నే ఉన్నాయి. కాల్చిన మట్టి రంగు, సున్నపు తెలుపు, ముదురు పసుపు. ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ తడి బండ మీద కనిపించకుండా పోతాయి. బూడిద రంగు కుండీ సంగతి సరేసరి, ఆరిన బండ మీద అది ఉన్నా లేనట్టే.

వీటిలో కాల్చిన మట్టికి నేను మొదటి మార్కు వేస్తాను. అది ముచ్చట కొద్దీ వేసే మార్కు కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో పారిస్‌లోని గోబెలిన్ నేత కర్మాగారంలో అద్దకం పనులు చూసిన షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్తకు ఒక ఫిర్యాదు వచ్చింది. నల్ల నూలు సరిగ్గా నల్లగా లేదని. ఆయన పరీక్షిస్తే నూలులో దోషమేమీ లేదు. పక్కన నేసిన నీలం, ఊదా నూళ్ళే ఆ నలుపును కంటికి చెడగొడుతున్నాయి. ఒక రంగు తన పక్కనున్న రంగును తన వ్యతిరేక ఛాయ వైపు నెడుతుందని ఆయన 1839లో వివరంగా ప్రకటించాడు. నారింజకు వ్యతిరేకం నీలం. అందుకే కాల్చిన మట్టి కుండీ పక్కన కడప బండ ఇంకా నీలంగా, ఇంకా చల్లగా కనిపిస్తుంది. ఎరుపుకు వ్యతిరేకం ఆకుపచ్చ కాబట్టి, అదే కుండీ పైన ఉన్న ఆకు ఇంకా పచ్చగా కనిపిస్తుంది. ఒక్క కుండీ కిందా పైనా రెండు పనులు చేస్తోంది. దుకాణంలో విడిగా చూసినప్పుడు ఈ సంగతి తెలియదు, మన బండ మీద పెట్టి చూసినప్పుడే తెలుస్తుంది.

నేల మారితే లెక్క మారుతుంది. బేతంచెర్ల బండ పరిచిన ఇంట్లో నేలే లేతగా ఉంటుంది కాబట్టి అక్కడ కుండీ కాస్త ముదురుగా ఉండొచ్చు, జాజు (ఎర్రమట్టి) రంగు అక్కడ అద్దినట్టు కుదురుతుంది. అనంతపురం వైపు వాకిలి సగం గచ్చు, సగం ఎర్రమన్ను అయిన ఇళ్ళు చాలా కనిపిస్తాయి. ఎర్రమన్ను మీద మట్టి కుండీ పెడితే నేలా కుండీ ఒకటైపోతాయి. అక్కడ తెలుపో, లేత బూడిదో కావాలి. ఈమధ్య వాకిళ్ళలో వేస్తున్న ఎరుపు, పసుపు, బూడిద కలిపిన సిమెంటు పలకల గురించి నాకు మంచి మాట లేదు. ఆ నేలే ఒక గోల. దాని మీద ఏకరంగు తెల్ల కుండీలు పెట్టి ఊరుకోవడం మేలు.

ఇక ఎండ. ఫోనులో తోటల ఫొటోలు చూస్తే ఇప్పుడు అంతటా బొగ్గు రంగు కుండీలే. తెల్ల గోడ, నల్ల కుండీ, అందులో నిటారుగా ఒక మొక్క. చూడటానికి బాగుంటుంది, నేను కాదనను. కానీ ఆ ఫొటోల్లో చాలావాటి వెనకున్నది చలిదేశం. అక్కడ వసంతంలో నల్లకుండీ వేళ్ళను కాస్త వెచ్చబరుస్తుంది, అది మొక్కకు సాయం. మే నెలలో 44 డిగ్రీలు చూసే ఊళ్ళో అదే గుణం శిక్ష. వేళ్ళ చుట్టూ మట్టి వేడి 38, 40 డిగ్రీలు దాటితే చాలా మొక్కల వేళ్ళు పెరగడం మానేస్తాయి, ఇంకా పెరిగితే చచ్చిపోతాయి. నల్ల ప్లాస్టిక్ కుండీలో ఎండ తగిలే వైపు మట్టి 50 డిగ్రీలు దాటుతుందని అమెరికా దక్షిణ రాష్ట్రాల నర్సరీల్లోనే కొలిచి చూశారు. మన ఎండ వాళ్ళ ఎండకు తీసిపోయేది కాదు.

ఎదురింటి వదిన ఈ మాట నమ్మలేదు. గేటుకు ఇరుపక్కలా నల్లకుండీల్లో మందారాలు పెట్టింది.

"నల్లవైతే దిష్టి తగలదు కదా వదినా?" అంది.

"దిష్టికి గుమ్మడికాయ కట్టారు కదా, అది చాలదా?"

"అది ఇంటికి. ఇవి మొక్కలకు."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు వేసవి దగ్గర ఉంది. తొలకరి పడ్డాక ఒక మందారాన్ని వేరే కుండీలోకి మార్చడానికి ఇద్దరం పట్టి దించాం. మట్టిగడ్డ మట్టిగడ్డలా ఊడి వచ్చింది. తూర్పు వైపు వేళ్ళు తెల్లగా, దారాల్లా సన్నగా అల్లుకుని ఉన్నాయి. పడమటి వైపు అరచేతి వెడల్పున ఒక్క తెల్ల వేరు లేదు. ఉన్నవి గోధుమ రంగుకు తిరిగి, వేలితో తాకితే పైపొర తొడుగులా జారిపోతోంది. పైన ఆకులు కూడా సరిగ్గా ఆ వైపే రాలాయి. నీళ్ళు తక్కువయ్యాయని ఆవిడ వేసవి అంతా రెండు పూటలా పోసింది. పాపం, ఆ నీళ్ళు తాగడానికి అటువైపు వేళ్ళు ఉంటే కదా.

ఉత్తర ముఖం ఇల్లు కాబట్టి ముందువైపు ఎండ బాధ ఉండదని అనుకునేవాళ్ళు ఒక విషయం గమనించాలి. కడప సుమారు 14.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ ఆఖరు నుంచి ఆగస్టు రెండో వారం దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తికి కొంచెం ఉత్తరానే ఉంటాడు. చలికాలమంతా నీడలో హాయిగా ఉన్న కుండీలు సరిగ్గా మే నెలకే ఎండలోకి వస్తాయి. నవంబరులో స్థలం చూసుకుని రంగు ఎంచుకున్నవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు.

నలుపే కావాలని మనసు పడితే ఒక ఉపాయం ఉంది. మొక్కను చిన్న తెల్ల కుండీలో పెంచి, దాన్ని పెద్ద నల్లకుండీలో దించండి. మధ్యలో రెండంగుళాలు గాలి ఆడే సందు ఉంటే వేడి చాలావరకు బయటి కుండీ దగ్గరే ఆగిపోతుంది. పోర్టికో కింద, ఎండ పడని చోట అయితే ఈ తిప్పలు కూడా అక్కరలేదు.

కాల్చిన మట్టి కూడా వెలుగు లెక్కలో ముదురు రంగే కదా అని అడగవచ్చు. నిజమే. కానీ దానికి చెమట పట్టే గుణం ఉంది. లోపలి నీరు గోడ గుండా బయటికి వచ్చి ఆవిరవుతూ కుండీని చల్లబరుస్తుంది, మంచినీళ్ళ కుండలో జరిగేదే. దానికి ఖర్చు కూడా ఉంది, నీళ్ళు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం జిల్లాలో, ట్యాంకరు కోసం ఎదురుచూసే వీధిలో, మట్టి కుండీలే పెట్టమని చెప్పడానికి నాకు నోరు రాదు. అలాంటి చోట లేత రంగు ప్లాస్టిక్‌ది గానీ, సిమెంటుది గానీ వాడటమే తెలివి. రంగులు వేయించాక మిగిలే ఇరవై లీటర్ల తెల్ల ప్లాస్టిక్ బకెట్టు ఉంటుంది చూశారా, అడుగున నాలుగు బెజ్జాలు పెడితే అంతకన్నా మంచి కుండీ కొనలేం. కంపెనీ పేరు ఉన్న వైపును గోడకు తిప్పితే సరి.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మా బోరునీళ్ళలో సున్నం ఎక్కువ. ఏ కుండీ అయినా కొన్నాళ్ళకు అడుగునా, అంచుల వెంబడీ తెల్లటి పొర కడుతుంది. ముదురు నీలం, నలుపు, ముదురు ఆకుపచ్చ కుండీల మీద అది పొడలా కనిపిస్తుంది. చింతపండు పులుసు పట్టించి రుద్దితే పోతుంది, మళ్ళీ నెలకు వస్తుంది. మట్టి కుండీ మీద అదే పొర కాస్త పాతదనం ఇచ్చినట్టు ఉంటుంది, తెల్లదాని మీద అసలు కనిపించదు. తెల్లదానికి బాధ వేరే. వాన పడినప్పుడు నేల మీది ఎర్రమట్టి ఎగిరి అడుగు జానెడు మేర చిమ్ముతుంది.

దీనికి మన పెద్దలు ఎప్పుడో పరిష్కారం కనిపెట్టారు. పాత మిద్దె ఇళ్ళను చూడండి. గోడంతా సున్నం, కింద మోకాలి ఎత్తున జాజు పట్టీ. ఎక్కడ మట్టి చిమ్ముతుందో అక్కడ మట్టి రంగే వేశారు. తెల్ల సిమెంటు కుండీకి అడుగున జానెడు జాజు రంగు పట్టీ వేస్తే మురికి కనిపించదు, కడప బండ మీద తెలుపూ ఎరుపూ రెండూ తేలుతాయి, పాత ఇంటి పోలిక కూడా వస్తుంది. రాయలసీమ వాకిలికి ఇంతకన్నా నప్పే కుండీని నేను చూడలేదు.

జాజు, ఎర్ర ఆక్సైడ్ గచ్చు, కాల్చిన మట్టి, అనంతపురం ఎర్రనేల, ఈ నాలుగింటికీ రంగునిచ్చేది ఒకటే, ఇనుము ఆక్సైడ్. మామూలు మాటలో తుప్పు. అవి ఒకదాని పక్కన ఒకటి ఎప్పుడూ పోట్లాడుకోకపోవడానికి కారణం ఆ చుట్టరికమే. ఎండకు వెలవకపోవడానికీ కారణం అదే. అప్పటికే తుప్పుపట్టిన ఇనుమును ఎండ ఇంకేం చేస్తుంది? చవక ప్లాస్టిక్ కుండీల్లో కలిపే ఎరుపు, ఊదా, గులాబీ రంగులు అలాంటివి కావు. ఒకటి రెండు వేసవులకే ఎరుపు పాలిపోయి, ఎండ తగలని వెనకవైపు మాత్రం కొత్తగా ఉండిపోతుంది. ఆ కుండీని తిప్పి పెట్టారంటే ఒకే కుండీలో రెండు రంగులు.

రంగు పూయడంలోనూ మన అలవాటు సవరించుకోవాల్సింది ఉంది. మట్టి కుండీకి బయట ఆయిల్ పెయింటు వేస్తే దాని చెమట దారి మూసుకుపోతుంది. లోపలి తేమ బయటికి రావాలని తోస్తూనే ఉంటుంది, కొన్నాళ్ళకు పెయింటు బొబ్బలు లేచి పెచ్చులుగా ఊడుతుంది. మట్టి కుండీకి రంగు అసలు వద్దు. మరీ వేయాలనిపిస్తే సుద్ద, జాజు చాలు, పండక్కి మళ్ళీ వేసుకోవచ్చు. కొత్త సిమెంటు కుండీకి కూడా ఆయిల్ పెయింటు నిలవదు, సిమెంటులోని క్షారం దాన్ని తినేస్తుంది. కొన్నాళ్ళు నీళ్ళు నింపి పారబోస్తూ ఉంచి, బాగా ఆరనిచ్చి, బయటి గోడలకు వేసే ఎమల్షన్ వేయాలి. మిగిలిన డబ్బా ఎమల్షనే కాబట్టి ఇక్కడ వాడొచ్చు కదా అంటారేమో. వాడండి, అది తెలుపో, మీగడ రంగో అయితే.

ఇప్పుడు గోడ. దానికి అసలు మాట చెల్లదని నేననడం లేదు. గోడ గట్టిగా మాట్లాడుతున్నప్పుడు కుండీ నోరు మూసుకోవాలి, అంతే. ఊదా రంగు గోడ ముందు నేను ఇంతసేపు పొగిడిన మట్టి కుండీ కూడా బాగుండదు. అక్కడ రంగు వేయని సిమెంటు కుండీయే మర్యాదగా ఉంటుంది. నారింజ, చిలకపచ్చ గోడల ముందు తెలుపు. గోడ తెలుపో, మీగడ రంగో అయితే మీకు పూర్తి స్వేచ్ఛ ఉంది, ఆ స్వేచ్ఛలోనే జనం ఏడు కుండీలకు ఏడు రంగులు కొనేది. ఇంటి ముందు ఎన్ని కుండీలున్నా ఒకటో రెండో రంగుల్లోనే ఉండాలి, తేడా ఎత్తులోనూ ఆకారంలోనూ చూపించాలి. ఇది మాత్రం నేను ఎవరితోనూ రాజీపడని విషయం. కొత్తగా వస్తున్న బూడిద, తెలుపు, చెక్క రంగు పలకల ఇళ్ళకు బూడిద కుండీలే అమ్ముతారు, అదే సెట్టు అంటారు. ఆ ఇళ్ళకే ఒక ముదురు పసుపు కుండీ ప్రాణం పోస్తుంది.

పసుపు అనగానే ఆంధ్రప్రదేశ్‌లో వచ్చే ప్రశ్న మీకు తెలుసు. మన దగ్గర రంగుకు ఓటు ఉంటుంది. పంచాయతీ భవనాలకు వేసిన రంగుల గొడవ 2020లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అలాంటి రాష్ట్రంలో గేటుకు అటూ ఇటూ పసుపు కుండీలు పెట్టినా, నీలం ఆకుపచ్చ తెలుపు వరసగా పెట్టినా దారిన పోయేవాళ్ళు ఒక్క క్షణం ఆగి లెక్క వేస్తారు. ఎన్నికల ఏడాదిలో మట్టి రంగు ఎంత ప్రశాంతమో అనుభవిస్తేనే తెలుస్తుంది.

వాకిట్లో అందరికన్నా ముందు చోటు దక్కించుకున్న కుండీ ఒకటుంది, తులసికోట. దానికి పసుపు, ఎరుపు, ఆకుపచ్చ ఎలా వేసినా ఎవరూ ప్రశ్నించకూడదు, ప్రశ్నించరు కూడా. దాని చుట్టూ పెట్టే కుండీలు మాత్రం దానితో పోటీ పడకుండా చూడాలి. పసుపు పూసిన కోట పక్కన పసుపు కుండీలు పెడితే కోట కూడా వాటిలో ఒకటైపోతుంది.

మొక్కను కూడా లెక్కలోకి తీసుకోవాలని కొందరు పట్టికలు తయారు చేస్తారు. నాకు అంత ఓపిక లేదు. మన ఎండకు ఏడాది పొడవునా విరగబూసేది కాగితం పూలచెట్టు, ఎడారి గులాబీ, బిళ్ళగన్నేరు. మూడింటిలోనూ గులాబీ ఛాయలే ఎక్కువ. కడియం నర్సరీల నుంచి లారీల్లో వచ్చే మొక్కలు ఎంచుకునేటప్పుడు కుండీలు మట్టివైతే తెల్లపూల రకం తీసుకోండి. గులాబీ పూలు, నారింజ కుండీ ఒకచోట నా కంటికి ఆనవు. కొందరికి అదే నచ్చుతుంది, వాళ్ళ వాకిలి వాళ్ళిష్టం.

నా వాదన పనిచేయని చోటు కూడా చెప్పాలి. పిట్టగోడ. మిద్దె మీద పిట్టగోడ మీదో, ప్రహరీ మీదో పెట్టిన కుండీకి కింద బండ కనిపించదు. రోడ్డు మీద నుంచి చూసేవాళ్ళకు దాని వెనకున్నది ఆకాశం ఒక్కటే. ఎండలో తెల్లబారిన ఆ ఆకాశం ముందు లేత రంగులన్నీ కరిగిపోతాయి, ముదురువే నిలుస్తాయి. కానీ ఇంట్లో అందరికన్నా ఎక్కువ ఎండ తగిలేది కూడా అక్కడే కాబట్టి నలుపు మళ్ళీ కుదరదు. జాజు రంగు వేసిన బరువైన సిమెంటు కుండీలు, వాటిలో కలబందో ఎడారి గులాబీయో, అంతకు మించి అక్కడ ఏదీ బతకదు. రంగు ఏది వేసినా కుండీని ఇనుప తీగతో పిట్టగోడకు కట్టడం మరవకండి. ఆషాఢం గాలికి రంగుతో పనిలేదు, కింద స్కూటర్లు పెట్టుకునేవాళ్ళున్నారు.